ఇవతలి ఒడ్డునే రాయించండి

ప్రశ్న:

అమ్మా, నమస్కారం. మాది కోనసీమలో గోదావరి గట్టును ఆనుకున్న ఊరు. నా మేనకోడలికి పందొమ్మిదేళ్లు. మా తమ్ముడు పోయాక దాని తల్లి కువైట్‌లో ఇంటి పనికి వెళ్లింది. పిల్ల నా దగ్గరే పెరిగింది. ఇంటరు అయ్యాక రోజూ పంటు పడవ మీద గోదావరి దాటి, అవతల రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళుతోంది. పోయిన వారం చెరువుల పట్టుబడి ఎక్కువగా ఉందని చీకటి పడేదాకా పని చేయించారు. ఆఖరి పంటు వెళ్లిపోయింది. నలుగురు ఆడపిల్లలు షెడ్డు పక్క గదిలోనే పడుకున్నారు. మేస్త్రి లెక్క చూసుకుందువు రమ్మని దీన్ని ఒక్కదాన్నీ పిలిచి పాడు చేశాడు. వాడికి పెళ్లాం, పిల్లలు ఉన్నారు.

పిల్ల రెండు రోజులు నోరు విప్పలేదు. విషయం తెలియక దాని బట్టలు నేనే కాలువలో ఉతికేశాను. చున్నీ ఒక్కటి మిగిలింది, కవర్లో చుట్టి పెట్టెలో దాచాను. స్టేషనుకు వెళితే "జరిగింది అవతలి ఒడ్డున కదా, మా పరిధి కాదు, అక్కడికి వెళ్లండి" అన్నారు. మేము ఎస్సీలం, మేస్త్రి కాదు. మా పేట పెద్దలు, ఊరి పెద్దలు కూర్చుని మూడు లక్షలు ఇప్పిస్తామన్నారు. అరవలేదేం, ఒంటి మీద దెబ్బ లేదేం, ఇన్ని రోజులు ఏం చేశారు, రాత్రి పనికి ఎందుకు పంపారు అని తలా ఒక మాట అడిగారు. ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది అరిటాకే అన్నారు. కొత్త చట్టాలు వచ్చాయట, ఉరి వేస్తారట, ఒక సంసారం ఉసురు పోసుకుంటారా అంటున్నారు. దాని తల్లి ఫోనులో "డబ్బు తీసుకుని ఊరుకో వదినా" అని ఏడుస్తోంది. చట్టాలు మారితే మాలాంటివాళ్లకు ఒరిగేది ఏమైనా ఉందా? ఏం చేయమంటారు?

ఒక మేనత్త, కోనసీమ

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం అందిన పూటే, అందులో ఉన్న నంబరుకు ఫోను చేసి ఆసుపత్రి సంగతి చెప్పాను. అది అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదు. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ఉత్తరాలు నా బల్ల మీద ఇంకా ఉన్నాయి. ఊళ్లు వేరు, పెద్దలు వేరు, వాళ్లు అడిగే ప్రశ్నలు మాత్రం అవే. మీ ఊరి పేరు, రేవు పేరు తీసేశాను, ఒకటి రెండు వివరాలు మార్చాను. బాధితురాలు ఎవరో తెలిసేలా ప్రచురించడం, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను కింద నేరం. ఇది పత్రికలకే అనుకోకండి. ఊరి వాట్సాప్ గ్రూపులో పిల్ల పేరో ఫొటోనో పెట్టినవాడికీ వర్తిస్తుంది. అలా ఎవరైనా పెడితే తగువు పడకుండా, ముందు ఆ తెరను ఫొటో తీసి ఉంచుకోండి.

మొదట ఆ "పరిధి" సంగతి తేలుద్దాం. నాకు బాగా కోపం తెప్పించింది అదే.

నేరం ఏ ఒడ్డున జరిగినా ఫిర్యాదు రాసుకోను అనే హక్కు ఇవతలి ఒడ్డు స్టేషనుకు లేదు. పోలీసులు, కోర్టులు ఎలా నడవాలో చెప్పే చట్టం, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షను ఉంది. నేరం ఎక్కడ జరిగిందన్న దానితో నిమిత్తం లేకుండా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చని అది చెబుతుంది. జీరో ఎఫ్ఐఆర్ అని మీరు టీవీలో వినే ఉంటారు, అది ఇదే. ఇక్కడ సున్నా నంబరుతో రాసుకుని, అవతలి జిల్లా స్టేషనుకు పంపే బాధ్యత వాళ్లది. వసిష్ఠ గోదావరిని దాటాల్సింది ఆ కాగితం. ఆ పిల్లను మళ్లీ అదే పంటు ఎక్కించి, అదే రేవులో దింపి, అదే షెడ్డు ముందు నుంచి నడిపించి తీసుకెళ్లక్కర్లేదు. కొత్త చట్టాల మీద నాకు ఫిర్యాదులు చాలా ఉన్నాయి, కానీ ఈ ఒక్క వాక్యం నదుల పక్కన బతికేవాళ్ల కోసమే రాశారేమో అనిపిస్తుంది.

కాబట్టి మళ్లీ వెళ్లండి. ఈసారి ఒక్కరే వెళ్లకండి. నోటి మాటగా కాకుండా, తెల్లకాగితం మీద జరిగింది రాసి, రెండు కాపీలు పట్టుకుని వెళ్లండి. ఇలాంటి నేరాలలో ఫిర్యాదును మహిళా పోలీసు అధికారే రాసుకోవాలి. ఆమె లేదంటే పిలిపించమనండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా, అప్పటికప్పుడు ఇవ్వాలి. ఆ తర్వాత పిల్ల వాంగ్మూలం తీసుకోవడానికి స్టేషనుకు రమ్మంటే వెళ్లక్కర్లేదు. ఆమె ఇంట్లోనో, ఆమె చెప్పిన చోటనో, మీరు పక్కన ఉండగా మహిళా అధికారి వచ్చి రాసుకోవాలి. మళ్లీ పరిధి పాట మొదలుపెడితే "అయ్యా, మీరు రాసుకోలేదని అమలాపురంలో ఎస్పీగారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాం" అని చెప్పి నిజంగానే పంపండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటుకు దరఖాస్తు. ఇంకొకటి కూడా తెలిసి ఉండండి, అవసరమైతేనే వాడండి: అత్యాచారం ఫిర్యాదును రాసుకోని అధికారికి కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా రెండేళ్లు జైలు. న్యాయ సంహితలో 199వ సెక్షను. ఈ నియమం 2013లో వచ్చింది. అంతకుముందు మీ కాగితాన్ని ఎస్ఐ చేత్తో పక్కకు నెట్టేస్తే, మహా అయితే పైఅధికారి మందలించేవాడు.

స్టేషనుకు వెళ్లే ముందు ఆ చున్నీని ప్లాస్టిక్ కవర్లోంచి తీయండి. కవర్లో చెమ్మ నిలిచి, ల్యాబులో తేలాల్సిన ఆనవాళ్లు పాడవుతాయి. నీడలో, ఎవరి చేతులూ తగలని చోట ఆరనిచ్చి, శుభ్రమైన పాత న్యూస్‌పేపర్లోనో బ్రౌను కాగితంలోనో మడత పెట్టండి. ఉతకవద్దు, దులపవద్దు. మిగతా బట్టలు ఉతికేశానని మీరు ఉత్తరంలో రెండుసార్లు రాసి కొట్టేశారు. ఆ కొట్టివేతలు చూశాను. మీకు తెలియదు, ఉతికారు. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఉతికిన బట్టలు కూడా ఇవ్వండి, వాటి సంగతి ల్యాబు చూసుకుంటుంది. బట్టలు లేనంత మాత్రాన కేసు పడిపోదు.

ఆసుపత్రి గురించి ఫోనులో చెప్పినదే, ఇతరుల కోసం క్లుప్తంగా. ఎఫ్ఐఆర్ ఉంటేనే చూస్తామని ఏ ఆసుపత్రీ అనకూడదు, ప్రైవేటుదైనా సరే. వైద్యం ఉచితం. హెచ్ఐవీ రాకుండా వేసే మందు 72 గంటల లోపు మొదలుపెట్టాలి. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర కూడా ఎంత తొందరగా వేస్తే అంత మేలు. ఆ గడువు దాటిపోయినా పరీక్ష మానకండి. గర్భం వస్తే అత్యాచార బాధితులకు 24 వారాల వరకు తీయించుకునే వీలు చట్టంలో ఉంది. పరీక్షకు అమ్మాయి అంగీకారం తప్పనిసరి. "ఈ పిల్లకు ఇదివరకే అలవాటు ఉందా" అని తేల్చడానికి చేసే రెండు వేళ్ల పరీక్షను సుప్రీంకోర్టు 2013లోనే తప్పుపట్టింది. 2022లో, ఆ పరీక్ష చేసిన డాక్టరు వృత్తిపరంగా దుష్ప్రవర్తనకు పాల్పడినట్టేనని తేల్చి చెప్పింది. ఎవరైనా మొదలుపెట్టబోతే "వద్దు" అనండి, అంతే. కారణం చెప్పక్కర్లేదు.

ఇక పెద్దల ప్రశ్నలు.

నేను జూనియర్ వకీలుగా ఉన్న రోజుల్లో, డెల్టాలోనే ఒక కోర్టులో, లంక గ్రామం నుంచి వచ్చిన ఒక అమ్మాయి బోనులో నిలబడింది. కూలి పిల్ల. అవతలి పక్షం వకీలు చాలా సౌమ్యుడు, గొంతు పెంచేవాడు కాదు. "అమ్మా, ఆ రోజు నీ చేతికి గాజులు ఉన్నాయా?" ఉన్నాయండి. "ఎన్ని?" రెండు చేతులకీ కలిపి ఎనిమిదండి. "పెనుగులాడానంటున్నావు కదా, ఎన్ని పగిలాయి?" ఆ పిల్ల తన చేతుల వైపు చూసుకుని చెప్పింది: "అవి ప్లాస్టిక్ గాజులండీ, పగలవు." హాలులో నవ్వారు. ఆయన "దట్సాల్" అని కూర్చున్నాడు. నేను తల దించుకుని ఫైలు తిరగేశాను. కేసు కొట్టేశారు. పెనుగులాట జరిగినట్టు ఆధారం లేదని తీర్పులో ఉంది.

ఆ వకీలు కొత్తగా కనిపెట్టిన ప్రశ్నేమీ కాదు అది. 1972లో మహారాష్ట్రలో, దేశాయ్‌గంజ్ పోలీస్‌స్టేషనులో ఒక గిరిజన బాలిక మీద ఇద్దరు పోలీసులు అత్యాచారం చేశారని కేసు. పేర్లు దాచే నియమం అప్పటికి లేదు, అందుకే ఆ కేసును ఇప్పటికీ ఆమె పేరుతోనే మథుర కేసు అంటారు. బంధువులు స్టేషను బయటే ఉన్నారు. హైకోర్టు శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి గట్టిగా ప్రతిఘటించానన్న మాట అబద్ధమని తీర్పు. మీ రచ్చబండ మీద కూర్చున్న పెద్దమనిషీ, అత్యున్నత న్యాయస్థానమూ ఒకే ప్రశ్న అడిగారన్న మాట! 1979లో ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అన్నది దాని సారాంశం. మన దగ్గర అప్పటికే మంట రాజుకుని ఉంది. 1978లో హైదరాబాదు నల్లకుంట స్టేషనులో ఒక స్త్రీ మీద జరిగిన అత్యాచారం, ఆమె భర్త మరణం మీద జనం వీధుల్లోకి వచ్చారు. ఈ ఒత్తిడంతా కలిసి 1983లో చట్టం మారింది.

మారింది అంటే శిక్ష పెరిగిందనే అనుకుంటారు అందరూ. నేను చూసిన మార్పు వేరే చోట ఉంది. ఆడదాన్ని అడగడానికి వీల్లేని ప్రశ్నల జాబితా ఒక్కొక్కటిగా పెరిగింది. మీ పెద్దలు అడిగినవి తీసుకుందాం.

అరవలేదేం, దెబ్బలు లేవేం? 2013 సవరణ దీన్ని నేరుగా రాసింది, ఇప్పటి న్యాయ సంహిత 63వ సెక్షనులోనూ ఉంది. సమ్మతి అంటే మాటతోనో సైగతోనో స్పష్టంగా, ఇష్టపూర్వకంగా తెలిపిన ఒప్పుదల. శరీరంతో ఎదురు తిరగలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు కాదు. ఆ ప్లాస్టిక్ గాజుల పిల్లకు ఈ వాక్యం అందలేదు. మీ పిల్లకు అందుతుంది.

మీ పిల్ల విషయంలో ఇంకా బలమైనది ఒకటుంది. ఇది మీ వకీలుకు గుర్తుచేయండి. 1983లో సాక్ష్య చట్టంలో ఒక నియమం చేర్చారు. పోలీసుల అదుపులో జరిగిన అత్యాచారాల్లాంటి కొన్నింటిలో, సంబంధం జరిగినట్టు రుజువై, ఆమె "నేను ఒప్పుకోలేదు" అంటే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలి. కాదని చూపించుకోవాల్సింది అవతలివాడు. 2013లో ఆ నియమం పరిధిని పెంచి, స్త్రీ మీద పెత్తనమో అధికారమో ఉన్నవాడిని కూడా అందులోకి తెచ్చారు. ఇప్పుడు మీ మేస్త్రి సంగతి చూడండి. హాజరు పుస్తకం వాడి చేతిలో. కూలి డబ్బులు వాడి చేతిలో. రాత్రి ఆపాలా, పంటుకు పంపాలా అన్నది వాడి మాట. "లెక్క చూసుకుందువు రా" అంటే ఆ పిల్ల వెళ్లక ఏం చేస్తుంది? కాబట్టి ఫిర్యాదులో "మేస్త్రి" అని ఒక్క మాట రాసి వదిలేయకండి. ఎవరు పనిలో పెట్టారు, కూలి ఎవరు ఇస్తారు, ఆ రాత్రి ఆగమన్నది ఎవరు, గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఇవన్నీ రాయండి. ఆ రాత్రి మిగిలిన ముగ్గురు అమ్మాయిలు ఎవరో రాయండి. ఇప్పుడు మాట్లాడటానికి వాళ్లు భయపడవచ్చు, బలవంతపెట్టకండి. పేర్లు పోలీసులకు తెలిస్తే చాలు.

ఇన్ని రోజులు ఏం చేశారు? పెద్దలతో పంచాయితీ చేశారు, ఇంకేం చేస్తారు! ఆలస్యం చేయించినవాళ్లే ఆలస్యమైందని అడగడం మన ఊళ్లలోనే చెల్లుతుంది. 1996లో పంజాబ్ ప్రభుత్వానికి, గుర్మీత్ సింగ్‌కు మధ్య కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ఇలాంటి నేరాల్లో పరువు గురించి తర్జనభర్జన పడి ఆలస్యంగా రావడం సహజం, అంత మాత్రాన అనుమానించకూడదు. బాధితురాలి మాట నమ్మదగినదిగా ఉంటే వేరే సాక్ష్యం లేకపోయినా శిక్ష వేయవచ్చని కూడా అదే తీర్పు. ఫిర్యాదులో ఆలస్యానికి కారణం దాచకుండా రాయండి. పిల్ల ఫలానా రోజున చెప్పింది, ఫలానా రోజున స్టేషనుకు వెళితే పంపేశారు, ఫలానా రోజున పెద్దలు కూర్చోబెట్టారు అని తేదీలతో సహా.

రాత్రి పనికి ఎందుకు పంపారు? దీనికి చట్టంలో జవాబు వెతకను. పంటు దొరక్కపోతే ఆ పిల్ల ఈదుకుంటూ రావాలా?

ఇంతకుముందు ఈ పిల్ల ఎవరితోనైనా మాట్లాడేదా, ఫోనులో ఎవరి ఫొటో ఉంది లాంటివి ఇంకా రాలేదు గానీ వస్తాయి. కాచుకుని ఉండండి. స్త్రీ నడవడి మంచిది కాదని చూపించి ఆమె సాక్ష్యాన్ని తోసేయవచ్చు అనే నియమం సాక్ష్య చట్టంలో నూరేళ్లకు పైగా ఉండేది. 2003లో తీసేశారు. 2013 తర్వాత సమ్మతి తేల్చడానికి ఆమె గత సంబంధాలను లాగడమే కుదరదు. అయినా లాగుతారు. జడ్జి ఆపాలి, ఆపకపోతే ప్రాసిక్యూటరు లేవాలి. విచారణ తలుపులు మూసి జరుగుతుంది, నవ్వడానికి హాలులో జనం ఉండరు.

ఉరి మాటకు వస్తున్నాను. మీ పెద్దలు టీవీ విని సగం మాత్రమే చెప్పారు. మరణశిక్ష ఉన్నది పన్నెండేళ్ల లోపు పిల్లల మీద, పద్దెనిమిదేళ్ల లోపు వారి మీద సామూహికంగా, బాధితురాలు చనిపోయినప్పుడు, రెండోసారి అదే నేరం చేసినప్పుడు లాంటి సందర్భాలకు. పందొమ్మిదేళ్ల మీ పిల్ల విషయంలో మేస్త్రికి పడగలిగేది కనీసం పదేళ్ల నుంచి యావజ్జీవం దాకా. కాబట్టి "ఉరి తీయిస్తారా" అని మిమ్మల్ని అడుగుతున్నది భయపెట్టడానికే.

దీని వెనక ఒక చరిత్ర ఉంది, అది నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. 2012 డిసెంబరు 16న ఢిల్లీ ఘటన తర్వాత జస్టిస్ జె.ఎస్. వర్మ, లీలా సేథ్, గోపాల్ సుబ్రమణ్యంలతో కమిటీ వేశారు. దాదాపు ఎనభై వేల సూచనలు చదివి, 29 రోజుల్లో నివేదిక ఇచ్చారు. అత్యాచారానికి మరణశిక్ష వద్దని ఆ కమిటీయే చెప్పింది. ప్రభుత్వం విన్నది విని, ఆ మాట వదిలేసి, కొన్నింటికి ఉరి చేర్చింది. 2018లో ఇంకొంత చేర్చారు. భర్త చేసినదాన్ని అత్యాచారం కాదనే మినహాయింపు తీసేయమని కూడా కమిటీ చెప్పింది. అది 2024లో అమలుకు వచ్చిన న్యాయ సంహితలోనూ ఉంది. శిక్ష పెంచడం తేలిక, ఇంటి తలుపు తట్టడం కష్టం. పెద్ద శిక్ష పల్లెల్లో ఎలా పనిచేస్తుందో మీ ఉత్తరమే సాక్ష్యం. శిక్ష పెరిగేకొద్దీ "ఒక సంసారం ఉసురు" అనే మాటకు బరువు పెరిగింది, రాజీకి ఇచ్చే డబ్బు పెరిగింది.

మన గోదావరి జిల్లాలకు ఇది కొత్త కాదు. 2019లో హైదరాబాదు శివార్లలో పశువైద్యురాలి హత్య తర్వాత, ఆ డిసెంబరులోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది. ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు రోజుల్లో విచారణ, మొత్తం 21 రోజుల్లో తీర్పు. 2020 ఫిబ్రవరిలో రాష్ట్రంలోనే మొదటి దిశ పోలీస్‌స్టేషను రాజమహేంద్రవరంలో తెరిచారు. బోర్డు వచ్చింది, బండ్లు వచ్చాయి. బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం రాలేదు, అది చట్టం కాలేదు. 21 రోజులు అని ఇప్పటికీ మా ఆఫీసుకు వచ్చి అడిగేవాళ్లు ఉన్నారు. ఇప్పుడున్న చట్టం ప్రకారం దర్యాప్తు రెండు నెలల్లో ముగించాలి. ఏ దశలో ఉందో 90 రోజుల లోపు మీకు చెప్పాలి. విచారణ కూడా రెండు నెలలనే రాసి ఉంది, కానీ మీరు కొన్నేళ్లకు సిద్ధపడి దిగండి.

శిక్ష పడి తీరుతుందని మీకు మాట ఇవ్వలేను. 2007లో విశాఖ మన్యంలో, వాకపల్లిలో పదకొండుమంది ఆదివాసీ స్త్రీలు పోలీసుల మీద అత్యాచారం కేసు పెట్టారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా చేయలేదని తప్పుపట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమని చెప్పింది. పదహారేళ్లు! చట్టం లేక కాదు, మొదటి రోజుల్లో చేయాల్సినవి చేయక. అందుకే నేను మీకు చున్నీ గురించి, తేదీల గురించి ఇంత సేపు చెబుతున్నాను.

మీరు ఎస్సీలు, అతను కాదు అన్నారు. ఫిర్యాదులో ఆ రెండు విషయాలూ ఉండాలి, కుల ధ్రువపత్రం జత చేయండి. అప్పుడు 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (అట్రాసిటీ చట్టం) కూడా వర్తిస్తుంది. మేస్త్రికి ముందస్తు బెయిలు దొరకదు. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. బెయిలు దరఖాస్తు వచ్చినప్పుడు మీకు తెలియజేయాలి, మీ మాట వినాలి. ఊళ్లో ఎవరైనా బెదిరిస్తే రక్షణ అడిగే హక్కు ఈ చట్టంలోనే రాసి ఉంది. "ఆ సెక్షన్లు తర్వాత చేరుద్దాంలే" అంటే ఒప్పుకోకండి.

మూడు లక్షల సంగతి. అత్యాచారం రాజీ పడగలిగే నేరం కాదు. పెద్దల ముందు సంతకాలు పెట్టిన కాగితానికి కోర్టులో విలువ లేదు. అంతేకాదు, ఇలాంటి నేరాన్ని కప్పిపుచ్చడానికి డబ్బు ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరాలే. ఇది కొత్త చట్టం కూడా కాదు, 1860 నుంచీ ఉన్నదే. ఆ మాట పెద్దల చెవిన ఒకసారి వేయండి, ఎంతమంది కూర్చుంటారో చూద్దాం. మీకు డబ్బు అవసరం లేదని నేను అనను. షెడ్డు పని పోయింది, కేసు అంటే తిరుగుడు. కానీ అది అడగాల్సిన చోటు వేరు. అత్యాచార బాధితులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా 4 నుంచి 7 లక్షల వరకు పరిహారం ఇవ్వాలని 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన పథకం ఉంది. ఎస్సీ, ఎస్టీ చట్టం నియమాల కింద కూడా సాయం ఉంది, కొంత వైద్య పరీక్ష అయ్యాక, కొంత చార్జిషీటు వేశాక, మిగతాది తీర్పు తర్వాత వస్తుంది. వకీలు ఖర్చు మీకు ఉండదు. ఆదాయం ఎంతైనా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోను చేస్తే ఎవరిని కలవాలో చెబుతారు. ఎప్పుడైనా గుమ్మం దగ్గర గొడవైతే 112.

"దాన్ని ఎవరు చేసుకుంటారు" అన్న మాట మీ ఉత్తరంలో లేదు. కానీ ఆ తల్లి ఏడుపు వెనక ఉన్నది అదే అనుకుంటున్నాను. ఆమెను తప్పుపట్టకండి. వేరే దేశంలో, వేరేవాళ్ల వంటింట్లో నిలబడి, ఫోను పట్టుకుని ఏడవడం తప్ప ఆమె చేతిలో ఏమీ లేదు. డబ్బు తీసుకుంటే విషయం అక్కడితో మునిగిపోతుందని ఆమె ఆశ. మునగదు. మూడు లక్షలు ఎందుకు వచ్చాయో పది ఊళ్లు చెప్పుకుంటాయి, మేస్త్రి అదే షెడ్డులో హాజరు పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. ఆమెకు ఈ మాట మీరే చెప్పండి, మీ గొంతుతో అయితే నమ్ముతుంది. ఆ సామెత కూడా వదలకండి. అరటి తోటల మధ్య పుట్టినవాళ్లం మనం, ముల్లు దానంతట అది వచ్చి ఆకు మీద పడటం నేను ఏ తోటలోనూ చూడలేదు.

మీరు "పాడు చేశాడు" అని రాశారు. మనందరి నోటా వచ్చే మాటే. ఆ మాట పిల్ల ఎదుట అనకండి. పాడైనదేదీ ఆమెలో లేదు. చట్టం కూడా ఈ విషయంలో మనకన్నా గొప్పదేమీ కాదు, స్త్రీ "మర్యాదకు భంగం" అనే 1860 నాటి పదాన్ని 2024లోనూ మోసుకొచ్చింది.

చివరిగా, మీ ఉత్తరం నాలుగు పేజీలూ మళ్లీ చదివాను. అందులో మీ మాట ఉంది, పెద్దల మాట ఉంది, ఎస్ఐ మాట, కువైట్ నుంచి తల్లి మాట కూడా ఉంది. అమ్మాయి ఏమంటోందో ఒక్క వాక్యం లేదు. ఆమెకు పందొమ్మిదేళ్లు. ఫిర్యాదు ఆమెది, ఆసుపత్రి పరీక్షకు ఒప్పుదల ఆమెది, మేజిస్ట్రేటు ముందు చెప్పాల్సిన వాంగ్మూలం ఆమెది. వెళదామంటే రేపే వెళ్లండి. ఇప్పుడే వద్దంటే ఆ కాగితం పొట్లం, రాసిన తేదీలు, ఆసుపత్రి చీటీలు భద్రంగా ఉంచి, ఆమె సిద్ధమయ్యేదాకా ఆగండి. ఆలస్యమైందని ఎవరో అంటారని తొందరపెట్టకండి.

నా నంబరు మీ దగ్గర ఉంది కదా. సాయంత్రం ఆరు దాటితే ఇంట్లోనే ఉంటాను. ఈసారి ఫోను ఆమెను చేయమనండి.